చెంచులు: ఆరోగ్య, సామాజిక సమస్యలు

చెంచులు నల్లమల అడవుల్లోనూ, వాటి అంచు పల్లెల్లోనూ నివసించే ఆదివాసులు. తెలంగాణలో ప్రధానంగా నాగర్‌కర్నూల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్‌లో నంద్యాల, ఉమ్మడి ప్రకాశం, పల్నాడు జిల్లాలు వీరి నెలవులు. మాతృభాష తెలుగు. అహోబిల నరసింహస్వామిని చెంచులక్ష్మి భర్తగా, అంటే తమ ఇంటి అల్లుడిగా భావిస్తారు. కేంద్ర ప్రభుత్వం 1975–76లో వీరిని ఆదిమ గిరిజన తెగగా గుర్తించింది. ఈ వర్గాన్నే 2006 నుంచి పీవీటీజీ, అంటే అత్యంత బలహీన గిరిజన సమూహం అని వ్యవహరిస్తున్నారు.

జనాభా

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చెంచుల సంఖ్య 2001 జనగణన ప్రకారం 49,232. 2011 నాటికి 64,227. వీరిలో సుమారు 47 వేల మంది నేటి ఆంధ్రప్రదేశ్‌లో, 17 వేల మంది తెలంగాణలో ఉన్నారు. చెంచులు అంతరించిపోతున్నారన్న మాట పత్రికల్లో తరచుగా వినిపిస్తుంది. మొత్తం సంఖ్య చూస్తే జనగణన ఆ మాటను బలపరచదు. అయితే ఈ లెక్కలో మైదాన గ్రామాల్లో స్థిరపడిన కుటుంబాలు కూడా కలిసి ఉన్నాయి. అడవి లోపలి పెంటల (చెంచు గూడేల) పరిస్థితిని దీన్నిబట్టి అంచనా వేయడం సరికాదు. పీవీటీజీ గుర్తింపునకు పెట్టిన కొలమానాల్లో జనాభా పెరగకపోవడం లేదా తగ్గడం ఒకటి మాత్రమే. కాబట్టి సంఖ్య పెరిగినంత మాత్రాన ఆపద తొలగిందని చెప్పడం కష్టం.

ఆహారం, పోషణ

చెంచుల పాత జీవనానికి అడవి గడ్డలు, పండ్లు, తేనె, చిన్న వేట ఆధారం. ఇనుప మొన తొడిగిన కర్రతో ఆడవాళ్లు గడ్డలు తవ్వి, కాల్చో ఉడికించో వండేవారు. చింతపండులో చింతబెరడు బూడిద కలిపి తినే అలవాటు కూడా పాత రచనల్లో కనిపిస్తుంది. మానవశాస్త్రవేత్త క్రిస్టొఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940 ప్రాంతంలో అమ్రాబాద్ పీఠభూమిపై వీరి మధ్య ఉండి, 1943లో ప్రచురించిన గ్రంథం ఈ ఆహార విధానానికి ఇప్పటికీ ముఖ్య ఆధారం.

ఈ తిండి క్రమంగా రేషన్ బియ్యానికి దారి ఇచ్చింది. బియ్యం ఆకలి తీర్చింది. కానీ గడ్డలు, ఆకుకూరలు, మాంసం ఇచ్చిన వైవిధ్యం తగ్గింది. కూలి దొరకని రోజుల్లో అన్నంలోకి కారం, పులుసు తప్ప మరేమీ ఉండదు. తల్లుల్లో రక్తహీనత, పిల్లల్లో తక్కువ బరువు ఇక్కడి వైద్య సిబ్బందికి నిత్యం ఎదురయ్యే సమస్యలు.

వ్యాధులు, వైద్యం

క్షయ, మలేరియా, నీటి వల్ల వచ్చే విరేచనాలు, చర్మవ్యాధులు ప్రధానంగా ప్రస్తావనకు వస్తాయి. క్షయకు మందులు ఉచితమే. అయితే చికిత్స కనీసం ఆరు నెలలు ఆగకుండా సాగాలి. తేనెకూ కూలికీ వారాల తరబడి ఊరు విడిచే కుటుంబంలో మధ్యలో మందు మానేయడం తేలిక. మానేస్తే మందులకు లొంగని క్షయగా మారే ప్రమాదం ఉంది. అందువల్ల రోగిని ఆసుపత్రికి రమ్మనడం కన్నా మందును పెంటకు చేర్చడమే ఫలితమిచ్చే పద్ధతి.

ప్రసవాల విషయంలోనూ దూరమే అసలు చిక్కు. వానాకాలంలో వాగులు పొంగితే 108 అంబులెన్స్ వాహనం కొన్ని గూడేల దాకా రాలేకపోతుంది. ఫోన్ సిగ్నల్ లేనిచోట ఆ వాహనాన్ని పిలవడమే ఒక పని. రోగులే కాదు, కొండ అంచున తాడుకు వేలాడుతూ తేనెపట్టు కోసే పనిలో జారిపడి అంగవైకల్యం పాలయ్యేవారూ ఉన్నారు.

మద్యపానం

ఇప్పపూల సారా చెంచుల పండుగల్లో, పెళ్లిళ్లలో భాగం. బయటి నుంచి వచ్చిన నాటుసారా, చౌక మద్యం దీనికి భిన్నమైనవి: ఏడాది పొడవునా దొరుకుతాయి, అప్పుగా ఇస్తారు, అటవీ ఫలసాయం రూపంలో తిరిగి రాబట్టుకుంటారు. అకాల మరణాలన్నిటికీ తాగుడే కారణమన్న వివరణ పాత నివేదికల్లో ఎక్కువ. తాగుడు చేటు నిజమే అయినా పోషణలోపం, క్షయ, అప్పు కలిసి పనిచేస్తాయన్న వివరణ వాస్తవానికి దగ్గరగా కనిపిస్తుంది.

అడవి, భూమి, హక్కులు

నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఏర్పాటు సంవత్సరాన్ని కొందరు 1978గా, కొందరు 1983గా రాస్తారు. వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా ప్రకటన మొదటిది; ప్రాజెక్ట్ టైగర్‌లో చేరిక రెండోది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. సంరక్షణ నిబంధనలు బిగిసేకొద్దీ వేట తగ్గింది, ఫలసాయ సేకరణ అనుమతుల మీద ఆధారపడింది. 2019లో ఈ అడవుల్లో యురేనియం అన్వేషణ ప్రతిపాదనపై ఆందోళనలు చెలరేగాయి. అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానించింది.

చట్టపరంగా రెండు రాష్ట్రాల చెంచుల స్థితి ఒకటి కాదు. అమ్రాబాద్ ప్రాంతం రాజ్యాంగ ఐదో షెడ్యూలు పరిధిలో ఉంది. శ్రీశైలం వైపు చెంచు గూడేలు అందులో లేవు. కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతాలకు ఉద్దేశించిన 1/70 భూ బదలాయింపు నిబంధన, 1996 నాటి పెసా (పంచాయతీల విస్తరణ) చట్టం ఆంధ్ర వైపు చెంచులకు అక్కరకు రావు. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం ఇరువైపులా వర్తిస్తుంది. ఆదిమ తెగలకు ఆవాస ప్రాంత హక్కును కూడా ఆ చట్టం గుర్తించింది.

ప్రభుత్వ చర్యలు

శ్రీశైలం, మన్ననూరు ఐటీడీఏలు (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు) చెంచుల కోసం పనిచేస్తున్నాయి. ఫలసాయం కొనుగోలుకు 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఉంది. ఆశ్రమ పాఠశాలలు చదువును దగ్గర చేశాయి. అయినా తల్లిదండ్రుల వలసల వల్ల మధ్యలో బడి మానడం కొనసాగుతోంది. 2023 నవంబరు 15న ప్రారంభమైన పీఎం జన్‌మన్ పథకం పీవీటీజీలకు ఇళ్లు, రోడ్లు, తాగునీరు, సంచార వైద్యశాలలు, అంగన్‌వాడీల కోసం మూడేళ్లకు సుమారు రూ. 24,104 కోట్లు ప్రకటించింది.

మూల్యాంకనం

వైద్యాన్ని ఒక శాఖ, అడవిని ఒక శాఖ, రేషన్‌ను మరో శాఖ విడివిడిగా చూడటం ఇప్పటిదాకా సాగిన పద్ధతి. చెంచుల జబ్బుల్లో ఎక్కువ భాగం తిండి, దూరం, అప్పులతో ముడిపడినవి; ఆ మూడూ అడవిపై హక్కుతో ముడిపడినవి. గడ్డ తవ్వుకోవడానికీ తేనె తీసుకోవడానికీ ఉన్న హక్కును కాగితం మీద స్థిరపరచి, మందును పెంట దాకా పంపితేనే పథకాల ఖర్చుకు ఫలితం దక్కుతుంది.