లెల్లా చెప్పింది బండి గురించే

ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడక ముందు మాట. మల్లాపూర్ నుంచి మెట్‌పల్లికి రోజూ స్కూటీ మీద పోయి వచ్చేదాన్ని. మూల తిరిగినప్పుడల్లా బండి ఒక పక్కకు గుంజుతోంది. మెకానిక్‌కు చెప్తే, "బండి మంచిగనే ఉందక్కా, మీకే చెయ్యి కుదుర్తలేదు" అన్నాడు. రెండోసారీ అదే జవాబు. మూడోసారి మా అన్న పోయి ఒక చక్కర్ కొట్టొచ్చి, నేనన్న మాటే అన్నాడు. అప్పుడు చక్రం విప్పారు. బేరింగ్ పోయింది.

చాలా ఏళ్లకు ఇటలీ రేసు డ్రైవర్ లెల్లా లొంబార్డి గురించి చదువుతుంటే ఆ బేరింగ్ గుర్తొచ్చింది.

లెల్లా 1941లో ఫ్రుగరోలో అనే ఊళ్లో పుట్టింది. వాళ్లది మాంసం దుకాణం. ఆ దుకాణం వ్యాన్ తోలుతూనే డ్రైవింగ్ మీద మోజు పెంచుకుంది. ఫార్ములా వన్‌లో ఆమెకు ముందు రేసు నడిపిన ఒకే ఒక్క స్త్రీ, 1958 నాటి మరియా తెరెసా ది ఫిలిప్పిస్, సంపన్న వంశీకురాలు. లెల్లా వెనక అట్లాంటి వంశం లేదు. 1974లో బ్రాండ్స్ హాచ్‌లో అర్హత దక్కలేదు. 1975లో మార్చ్ జట్టులో చోటు దొరికింది.

ఆ ఏడాది ఏప్రిల్ 27న బార్సిలోనాలోని మోంజుయిక్‌లో రేసు. దారి పక్క కంచెలు సరిగా బిగించలేదని డ్రైవర్లే గొడవ చేశారు. అయినా నడిపించారు. స్టొమెలెన్ కారు వెనక రెక్క విరిగి, కంచె దాటి జనం మీద పడింది. ప్రాణాలు పోయాయి. 75 చుట్ల రేసును 29 చుట్లకే ఆపేశారు. అప్పటికి లెల్లాది 6వ స్థానం. దానికి రావలసింది ఒక పాయింటు. రేసు సగం కూడా సాగలేదు గనక అందులోనూ సగమే ఇచ్చారు. ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ లెక్కల్లో స్త్రీల పేరిట ఇంతవరకూ ఉన్నది ఆ సగం పాయింటే. ఆమె గురించి ఎవరు రాసినా ఇక్కడే ఆగుతారు. అన్ని చావుల మధ్య వచ్చిన ఆ సగాన్ని పండగలా చెప్పుకోవడం నాకు మనసొప్పదు.

నేను ఆగింది వేరే చోట. ఆ సీజనంతా ఆమె కారు మలుపుల్లో సరిగా తిరగడం లేదని చెప్తూనే ఉంది. జట్టువాళ్లు పట్టించుకోలేదు. 1976లో బ్రెజిల్ రేసు తర్వాత ఆమె సీటు రోనీ పీటర్సన్‌కు పోయింది. పీటర్సన్ అప్పటికే పేరున్న డ్రైవర్. ఆయనా అదే ఫిర్యాదు చేశాడు. చివరకు విప్పి చూస్తే కారు వెనక భాగాన్ని పట్టి ఉంచే పోత లోహపు చట్రంలో పగులు. ఈ సంగతి చెప్పింది కారు రూపకర్త రాబిన్ హెర్డే. లెల్లా చెప్పింది నిజమేనని ఆయన ఒప్పుకునేసరికి ఆమెకు ఆ సీటు లేదు.

మా దిక్కు బీడీలు చేసే ఆడవాళ్లకు ఇది కొత్త కథ కాదు. ఆకు మంచిగ లేదని వాళ్లు చెప్తే, చేతి పని మంచిగ లేదని బీడీలు తీసి పక్కన పడేస్తారు. చెడ్డ వస్తువు చేతికిచ్చి చెయ్యినే తప్పు పట్టడం.

అందుకే 1975 ఫలితాల పట్టికను నేనిప్పుడు అనుమానంతో చదువుతాను. చుట్టుకు దాదాపు 23 కిలోమీటర్లుండే నూర్‌బర్గ్‌రింగ్‌లో ఆ ఏడే ఆమె 7వ స్థానంలో వచ్చింది. మిగతా చోట్ల వెనకబడింది, మధ్యలో ఆగింది. ఆ అంకెల్లో డ్రైవర్ వాటా ఎంతో, పగులు వాటా ఎంతో ఏ పట్టికా చెప్పదు.

1976లో ఆస్ట్రియాలో 12వ స్థానంతో ఆమె ఫార్ములా వన్ ముగిసింది. రేసులు మాత్రం మానలేదు. 1979లో పెర్గూసాలోనూ, వల్లెలుంగాలోనూ ఆరు గంటల స్పోర్ట్స్ కారు రేసులు సహ డ్రైవర్లతో కలిసి గెలిచింది. 1981లో ముజెల్లోలో మరొకటి. ఇవి నిజమైన గెలుపులు. అయినా సగం పాయింటు కింద పడి కనిపించకుండా పోయాయి.

1992 మార్చి 3న మిలాన్‌లో కాన్సర్‌తో చనిపోయింది. అంతకు కొద్ది రోజుల ముందే దక్షిణాఫ్రికాలోని క్యాలామీలో మరో ఇటలీ యువతి, జొవన్నా అమాతి, అర్హత కోసం ప్రయత్నించి బయటే ఉండిపోయింది. లెల్లా తర్వాత ఇప్పటిదాకా ఏ స్త్రీ కూడా ఫార్ములా వన్ రేసు మొదలు గీత మీద నిలబడలేదు.