భట్టిప్రోలు దిబ్బ

గ్రీసులో వెర్గినా అనే పల్లె పక్కన పెద్ద మట్టిదిబ్బ ఉండేది. 1977లో మనోలిస్ ఆండ్రోనికోస్ దాన్ని తవ్వితే రాజసమాధులు బయటపడ్డాయి. ఒకదాని ముఖద్వారం మీద వేట దృశ్యం రంగులతో సహా నిలిచే ఉంది. దాన్ని అక్కడే ఉంచి, పైన మళ్లీ దిబ్బ పోసి మ్యూజియం చేశారు.

మన దిబ్బకు ఆ యోగం పట్టలేదు. తెనాలిలో రేపల్లె బండెక్కితే దారిలోనే భట్టిప్రోలు. నిన్నమొన్నటి వరకు గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. ఆ దిబ్బ నిజానికి బౌద్ధ స్తూపం; ఊళ్లో దాన్ని లంజదిబ్బ అనేవారు. ఘంటసాల, గుడివాడ బౌద్ధ దిబ్బలకూ అదే పేరు. ఎవరి ధాతువు మీద కట్టారో మరిచిపోయిన ఊళ్లకు ఏదో ఒక కథ కావాలి కదా!

1870లో బాస్వెల్ అనే అధికారి ఈ దిబ్బల సంగతి ప్రభుత్వానికి రాశాడు. అయినా పండితుల కంటే రోడ్డు పనివాళ్ల చేతే ఎక్కువ దెబ్బ తగిలింది. స్తూపం గుమ్మటం (అండం) పడగొట్టి ఇటుకలు రోడ్డుకు వాడారు, పాలరాళ్లు వెల్లటూరు తూములో కలిశాయి. 1892లో అలెగ్జాండర్ రే తవ్వడానికి వచ్చేసరికి మిగిలింది మొండెమే. అయినా దాని అడ్డుకొలత 148 అడుగులు! ఆ ఇటుకల నడుమ బావిలాంటి గోతిలో, ఒకదాని కింద ఒకటిగా, మూడు రాతి పెట్టెలు దొరికాయి. లోపల స్ఫటికపు బరిణెలు, బంగారు పూలు, పూసలు, ఎముక ముక్క.

నా లెక్కన అసలు నిధి పెట్టెల మీది రాత. దాన్ని పండితుడు బ్యూలర్ చదివి 1894లో ప్రకటించాడు. కుబిరకుడనే రాజు పేరు, దానమిచ్చిన గోష్ఠుల (సంఘాల) వాళ్ల పేర్లు అందులో ఉన్నాయి. లిపి బ్రాహ్మే, కానీ ఓ విశేషముంది: మామూలు బ్రాహ్మిలో హల్లులోనే 'అ' కలిసి ఉంటుంది, ఇక్కడ ఆ 'అ'కు విడిగా గీత పెట్టారు. మన అక్షరాల మూలం ఇదేనని కొందరి వాదన. ఆ మాట తేల్చడం కష్టం గానీ, మన గడ్డ మీద దొరికిన అతి పాత రాతల్లో ఇదొకటి.

పెట్టెలు మద్రాసు మ్యూజియానికి వెళ్లాయి. అస్థిక 1920లో కలకత్తా మహాబోధి సొసైటీకి చేరింది. భట్టిప్రోలులో మిగిలినవి ఇటుకలు.