ప్రతులకు: ఏలూరు రోడ్డు, విజయవాడ

సొంత ఖర్చుతో వేసుకున్న ఏ తెలుగు కవితా సంపుటినైనా తీసి, టైటిల్ పేజీ వెనక్కి తిప్పి చూడండి. ప్రథమ ముద్రణ, వెల, ముఖచిత్రం వేసినవారి పేరు, ప్రెస్సు పేరు వరసగా కనిపిస్తాయి. అడుగున 'ప్రతులకు' అంటూ రచయిత ఇంటి చిరునామా, దాని కింద విశాలాంధ్ర, నవోదయ, ప్రజాశక్తి లాంటి రెండు మూడు పుస్తకాల షాపుల పేర్లు ఉంటాయి. మన పుస్తక వ్యాపారం గుట్టంతా ఆ నాలుగు పంక్తుల్లో ఉంది. తెలుగులో కవిత్వం, కథలు, విమర్శ చాలా భాగం రాసినవాళ్లే అచ్చేయించుకుంటున్నారు. వాళ్లు కాగితం కొనగలరు, ప్రెస్సుకు డబ్బు కట్టగలరు, ఆవిష్కరణ సభా పెట్టగలరు. సభ అయిన మర్నాడు అటకెక్కే కట్టల్ని పాఠకుడి దాకా చేర్చడం మాత్రం వాళ్ల వల్ల కాదు. ఆ పని షాపు చేస్తోంది. అందుకే ఉత్సవ సంచికల్లో అలవాటుగా రాసే 'సాహితీ సేవ', 'విజ్ఞాన భాండాగారం' లాంటి మాటలు పక్కన పెట్టి, ఏలూరు రోడ్డు షాపుల గురించి ఒక్కటే అంటాను: తెలుగు ప్రచురణలో సగం భారం మోసింది ఈ కౌంటర్లే.

ఈ భారం విజయవాడ మీదే ఎందుకు పడిందంటే కారణాలు ఉన్నాయి. 1854 నాటి వావిళ్లవారి కాలం నుంచి తెలుగు పుస్తకానికి పెద్ద అంగడి మద్రాసు. 1953లో ఆ ఊరు లేకుండానే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలుకు పోయినా, పుస్తకాల వ్యాపారం మెల్లమెల్లగా బెజవాడ వైపు మొగ్గింది. మద్రాసు, హౌరా, కాజీపేట, గుంటూరు, బందరు లైన్లు కలిసే జంక్షన్ కాబట్టి పార్సిలు ఎటు కావాలంటే అటు పోతుంది. విశాలాంధ్ర దినపత్రిక 1952లో ఇక్కడే మొదలైంది, ఆ వెంటే పుస్తకాల సంస్థా వచ్చింది. బందరులో పుట్టిన ఎమెస్కో పాకెట్ పుస్తకాలతోనూ, పోస్టులో ఇంటికే పుస్తకాలు పంపే పథకంతోనూ మధ్యతరగతి ఇళ్లకు సొంత అలమర అలవాటు చేసింది. ఏలూరు రోడ్డుకు కార్ల్ మార్క్స్ రోడ్డు అని మరో పేరుంది గానీ, అక్కడ ఎప్పుడూ ఎక్కువ అమ్ముడుపోయేవి గైడ్లూ టెస్టు పేపర్లే. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. బళ్లు తెరిచే జూన్, జూలై నెలల గిరాకీయే చాలా షాపులకు ఏడాది అద్దె కడుతుంది. ఆ అద్దె మీదే, ఏడాదికి మూడు కాపీలు కదిలే సాహిత్య విమర్శ పుస్తకం కూడా అరలో చోటు దక్కించుకుంటుంది.

విశాలాంధ్ర మీద పాత ఆక్షేపణ ఒకటుంది: అది పార్టీ దుకాణం, దాన్ని స్వతంత్ర పుస్తకాల షాపు అనడం ఎలా కుదురుతుందని. సంస్థ కమ్యూనిస్టులదే, ఆ మాట వాళ్లూ దాచలేదు. సోవియట్ పుస్తకాలు తెలుగు ఊళ్లకు పాకింది ప్రధానంగా ఈ దారినే. ఉప్పల లక్ష్మణరావు లాంటివారు మాస్కోలో కూర్చుని తెలుగు చేసిన రచనలు, గట్టి అట్టలతో, రంగుల బొమ్మలతో, ఇక్కడ అచ్చేస్తే కాగితం ఖర్చుకూ చాలని ధరకు పల్లెటూరి పిల్లల చేతికి వచ్చాయి. అందులో ప్రచారం ఉంది, టాల్‌స్టాయ్, చెహోవ్ కూడా ఉన్నారు. కానీ షాపు స్వభావం తేలాల్సింది యజమాని జెండా రంగును బట్టి కాదు, అరలో ఏమున్నదో చూసి. తిలక్ 'అమృతం కురిసిన రాత్రి' తరాల తరబడి పాఠకులకు అందింది ఈ సంస్థ ప్రచురణగానే. ఏ పార్టీ చట్రంలోనూ ఇమడని ముళ్లపూడి వెంకటరమణ సాహితీ సర్వస్వాన్ని సంపుటాలుగా వేసిందీ ఇదే. 1991లో సోవియట్ యూనియన్ పోయి మాస్కో పార్సిళ్లు ఆగాక కూడా షాపు నిలబడిందంటే, దాన్ని నిలబెట్టినవాళ్లు ఇక్కడి కొనుగోలుదారులే అనుకోవాలి.

రెండో ఆక్షేపణ రచయితలది, ఇది బలమైనది. షాపులు ధరలో పెద్ద వాటా కమీషన్‌గా తీసుకుంటాయి. మిగతాది ఎప్పుడిస్తాయో తెలియదు. పది కాపీలు ఇచ్చి రశీదు తీసుకుంటే, రెండేళ్లకు రశీదు ఉంటుంది గానీ లెక్క ఉండదు. ఈ మాట అబద్ధం కాదు, షాపుల తరఫున దీనికి పూర్తి సమాధానమూ లేదు. అయితే ఆ పది కాపీల కోసం రెండేళ్లపాటు అరలో చోటు ఇచ్చేది ఇంకెవరన్నది కూడా అడగాలి. ఆన్‌లైన్‌లో అన్నీ దొరుకుతున్నాయి కదా అంటారు. పేరు తెలిసిన పుస్తకం దొరుకుతుంది, నిజమే. అమెరికాలో ఉన్న తెలుగువారికి అది పెద్ద మేలు. పేరు వినని కొత్త కథకుణ్ణి శ్రీశ్రీ పక్కన నిలబెట్టి, 'ఇది చూశారా' అని అందించేది మాత్రం కౌంటరు దగ్గరి మనిషే. పైగా 2024 డిసెంబరులో తపాలాశాఖ రిజిస్టర్డ్ బుక్‌పోస్టు ఎత్తేశాక, పలచటి సంపుటిని పోస్టులో పంపే ఖర్చు దాని వెలతో పోటీపడేంతగా పెరిగింది.

1989లో మొదలై ఏటా జనవరి మొదట్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం ఉంది కాబట్టి షాపులు లేకపోయినా ఫర్వాలేదనేవారూ ఉన్నారు. ఆ పది పదకొండు రోజుల స్టాళ్లకు సరుకు వచ్చేది మిగతా ఏడాదంతా తలుపు తెరిచి ఉంచిన షాపుల నుంచే. షాపుల నగదు కొరతకూ, రచయితల లెక్కల గొడవకూ గ్రంథాలయాల దగ్గర చేయగలిగింది ఉంది. 1960 చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నాం. అందులో కొంత వాటాతో జిల్లా గ్రంథాలయ సంస్థలు స్థానిక షాపుల నుంచి, ఆ జిల్లా రచయితల పుస్తకాలు ఏటా నేరుగా కొనాలని నిబంధన పెట్టవచ్చు. షాపుకు నగదు ఆడుతుంది. ఏ పుస్తకం ఎన్ని కాపీలు పోయిందో బిల్లులోనే ఉంటుంది కనుక, రచయిత ఫోన్ మీద ఫోన్ చేసి లెక్క అడుక్కునే అవసరమూ తప్పుతుంది.