క్షిపణి పరీక్షల్లో అనుసరణ విమానం

ప్రయోగించిన క్షిపణిని ఆకాశం నుంచి గమనిస్తూ, అది పంపే టెలిమెట్రీ సంకేతాలను, దాని దృశ్యాలను సేకరించే విమానాన్ని అనుసరణ విమానం అంటారు. అది ఏ ఎత్తున, ఏ దారిలో ఎగరాలో పరీక్షకు ముందే లెక్కగడతారు.

మొదట్లో ఈ అవసరం దూరం వల్ల వచ్చింది. 1960ల్లో అపోలో యాత్రల కోసం అమెరికా ఎనిమిది సి-135 విమానాల ముక్కులో 7 అడుగుల డిష్ యాంటెన్నాలు అమర్చింది. తర్వాత అవి క్షిపణి పరీక్షలకూ పనికొచ్చాయి. భారత్‌లో తొలి అగ్ని బాలిస్టిక్ క్షిపణి 1989 మే 22న ఒడిశాలోని చాందీపూర్ నుంచి లేచింది. ఇలాంటి క్షిపణి చాలా ఎత్తుకు పోతుంది గనుక తీరంలోని రాడార్లకు చాలాసేపు కనిపిస్తుంది. దూరాన అది పడేచోట ఓడలు కాపు కాస్తాయి. విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డు నిర్మించగా 2021 సెప్టెంబరు 10న నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ ధ్రువ్ ఇలాంటి పనికే.

తక్కువ ఎత్తున ఎగిరే క్రూయిజ్ క్షిపణి వచ్చాక చిక్కు మారింది. తీరంలో 25 మీటర్ల ఎత్తున ఉన్న యాంటెన్నాకు, అలలకు 9 మీటర్ల పైన పోయే క్షిపణి 33 కిలోమీటర్లు దాటగానే భూమి వంపు చాటుకు పోతుంది. అదే యాంటెన్నా 9,000 మీటర్ల ఎత్తున విమానంలో ఉంటే దాదాపు 400 కిలోమీటర్ల దాకా అందుతుంది.

బెంగళూరులోని రక్షణ పరిశోధన సంస్థ ఏడీఈ రూపొందించిన క్రూయిజ్ క్షిపణి నిర్భయ్ తొలి పరీక్ష 2013 మార్చి 12న జరిగింది. క్షిపణి దారి తప్పడంతో మధ్యలోనే ఆపేశారు. 2014 అక్టోబరు 17న మాత్రం అది గంటకు పైగా, వెయ్యి కిలోమీటర్లకు మించి ఎగిరింది. వాయుసేన జాగ్వార్ వెంటాడి వీడియో తీసింది. నిర్భయ్ వేగం ధ్వని వేగం లోపే కాబట్టి అది సాధ్యమైంది. ధ్వనికి దాదాపు మూడింతల వేగంతో దూసుకుపోయే బ్రహ్మోస్ క్షిపణి వెంట అలా ఎగరడం కుదరదు. అక్కడ విమానం ముందే ఒకచోట చేరి చక్కర్లు కొట్టాలి.

వెంట ఎగరడమంటే తోక పట్టుకుని పోవడం కాదు. క్షిపణిని పేల్చేయాల్సి వస్తే శకలాలు పడే మేరకు అవతల, పక్కవాటుగా ఎగరాలి. మలుపులో విమానం ఒరిగితే దాని రెక్కే యాంటెన్నాకు అడ్డొస్తుంది. అందుకే క్షిపణి దిశ మార్చుకునే, ఎత్తు తగ్గే ఘట్టాల్లో విమానం తిన్నగా ఉండేలా, మలుపులు వాటి నడుమ పడేలా దారి గీస్తారు. ఎత్తు పెంచితే చూపు మేర పెరుగుతుంది గానీ కెమెరాలో క్షిపణి చుక్కలా మిగులుతుంది. అసలు బేరమంతా ఇక్కడే, ఇంధనం లెక్క ఆ తర్వాతే.

2024 ఏప్రిల్ 18న చాందీపూర్‌లో స్వదేశీ ఇంజిన్‌తో సాగిన క్రూయిజ్ క్షిపణి పరీక్షను రాడార్లు, ఎలక్ట్రో ఆప్టికల్ పరికరాలతోపాటు సుఖోయ్-30 విమానం నుంచీ గమనించారు.