గూడెక్కిన బాతు



మీ పెరట్లో ఒక అరడజను బాతులున్నాయనుకోండి. రోజూ పొద్దున్నే గూడు తలుపు తీసేసరికి నాలుగైదు గుడ్లు దొరుకుతున్నాయి. ఒకనాడు ఒక బాతు బయటికి రాలేదు. దగ్గరకు పోతే బుస్సుమన్నది. రొమ్ము మీది మెత్తని ఈకలు పీకి గుడ్ల చుట్టూ పరచుకున్నది. మర్నాడూ అంతే. గుడ్డు పెట్టడం మానేసింది. ఇంక ఇంట్లో తగవు మొదలు. "పాపం, కూచోనీరా, పిల్లల్ని లేపుతుంది" అంటుంది తల్లి. "నెల రోజుల గుడ్లు పోతాయమ్మా, గూట్లోంచి తీసెయ్యి" అంటాడు కొడుకు.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. ఎవరి మాట ఎప్పుడు వినాలో తెలియాలంటే ఈ బాతు పూర్వ కథ కొంచెం తెలుసుకోవాలి.

మనం పెంచే బాతుల్లో మస్కోవీ జాతి తప్ప దాదాపు అన్నీ మల్లార్డ్ అనే అడవి బాతు సంతతే. ఆ అడవి బాతు గడ్డిలో గూడు కట్టి, పదీ పన్నెండు గుడ్లు పెట్టి, సుమారు ఇరవై ఎనిమిది రోజులు తానొక్కతే పొదుగుతుంది. మగబాతు సాయం చెయ్యదు. మేతకు లేచినప్పుడు గుడ్ల మీద ఈకలు కప్పి వెళుతుంది. నీళ్ళలో మునిగి తడి పొట్టతో తిరిగి వస్తుంది. బాతు గుడ్డుకు కావలసిన చెమ్మ ఆ విధంగా అందుతుంది.

మనిషి బాతును మచ్చిక చేసుకున్న తర్వాత కథ మారింది. పెట్టిన గుడ్డు పెట్టినట్టు తీసేస్తే బాతు ఇంకా పెడుతూనే ఉంటుంది. గూడెక్కి కూర్చునే బాతు మాత్రం ఆ నెలంతా గుడ్డు ఇవ్వదు. అందుచేత ఎక్కువ గుడ్లు పెట్టేదాని పిల్లల్నే మనిషి ఉంచుకుంటూ వచ్చాడు. తరతరాలుగా ఇలా ఏరుకుంటూ పోతే ఏమైంది? గుడ్లు పెరిగినై, తల్లితనం తగ్గింది. మరి పొదిగేది ఎవరు? ఈజిప్టులో రెండు వేల ఏళ్ళకు పూర్వమే గుడ్లను కృత్రిమంగా వెచ్చబెట్టి పిల్లల్ని తీసేవారు. చైనాలో బాతు గుడ్లను వేడి చేసిన ఊకలో పెట్టి పొదిగించారు. చాలాచోట్ల మాత్రం ఆ బరువు కోడిపెట్ట మీద పడింది.

ఇంగ్లండులో ఎయిల్స్‌బరీ అనే ఊరి కథ ఇందుకు మంచి ఉదాహరణ. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి పేదల ఇళ్ళకు తెల్లబాతుల పెంపకమే పెద్ద ఆధారం. పెంపకందార్లు చుట్టుపక్కల రైతుల దగ్గర గుడ్లు కొనేవారు. బాతు నిలకడగా కూర్చోదని వాటిని కోడిపెట్టల కింద పొదగవేసేవారు. ఒక్కొక్క పెట్ట కింద పదమూడు గుడ్లు. చివరి వారం రోజూ గుడ్ల మీద గోరువెచ్చని నీళ్ళు చిలకరించేవారు. 1861లో ఇసబెల్లా బీటన్ అనే ఆమె తన గృహనిర్వహణ గ్రంథంలో ఈ ఇళ్ళ సంగతి రాసింది. కూర్చునే గదిలోనూ పడక గదిలోనూ గోడల పొడుగునా గడ్డి పరచిన చెక్కపెట్టెలట! అంటే మనుషులూ పెట్టలూ ఒకే కప్పు కింద. 1839లో ఆ ఊరికి రైలు రావటంతో ఎనిమిది వారాల బాతులు లండన్ అంగళ్ళకు సులువుగా చేరేవి. ఆ రాబడి వెనక పొదిగిన కోడిపెట్ట కష్టం ఉన్నది. దాన్ని కనిపెట్టి చూసిన ఇల్లాలి కష్టమూ ఉన్నది.

ఇక గుడ్ల బాతుల సంగతి. ఇండియన్ రన్నర్ అని పేరున్న జాతి నిజానికి మన దేశానిది కాదు, తూర్పు ఇండియా దీవులది. 1856లో ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు బలి, లొంబోక్ దీవులకు వెళ్ళి అక్కడ నిటారుగా నడిచే బాతుల్ని చూశాడు. ఇంగ్లండులో గ్లాస్టర్‌షైర్ ప్రాంతపు ఊలీ గ్రామంలో అడెల్ కాంప్‌బెల్ అనే ఇల్లాలు ఈ రన్నర్‌ను రువాన్, మల్లార్డ్ బాతులతో సంకరపరచింది. అలా పందొమ్మిదో శతాబ్దం చివర కొత్త జాతి పుట్టింది. సైనికుల దుస్తుల రంగును బట్టి దానికి ఖాకీ కాంప్‌బెల్ అని పేరొచ్చింది. మంచి మేపు ఉంటే ఏడాదికి మూడు వందల దాకా గుడ్లు పెట్టగలదు. కానీ గూడెక్కటం అరుదు. ఎక్కినా మధ్యలో దిగిపోవచ్చు. మనదేశంలోనూ ఈ బాతును పెంచుతున్నారు.

ఐతే గూడెక్కటం అంటే అసలు ఏమిటి? మొండితనమా? కాదు. 1930 తర్వాత అమెరికాలో ఆస్కార్ రిడిల్, ఆయన తోటివారు మెదడు అడుగున ఉండే చిన్న గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. దాన్ని గుడ్లు పెట్టే కోళ్ళకు ఎక్కిస్తే అవి పొదగటానికి కూర్చున్నాయని 1935లో ప్రకటించారు. పొట్టకు గుడ్లు తగులుతూ గూడు వెచ్చగా ఉన్నంతకాలం ఈ పదార్థం ఊరుతూనే ఉంటుంది. ఇది పట్టుకుంటే తక్కిన ఉపాయమంతా దొరికినట్టే.

ఇప్పుడు మన పెరట్లోకి వద్దాం. మందలో మగబాతు ఉండి, మీకు పిల్లలు కావాలంటే తల్లి మాట వినండి. ముందు మూడు రోజులు రెండు మూడు పాత గుడ్ల మీదే కూర్చోనిచ్చి నిలకడ చూడండి. నిలిచిందా, వారంలోపు పెట్టిన శుభ్రమైన గుడ్లు పదో పన్నెండో ఒకేసారి, రాత్రివేళ పెట్టండి. ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో గుర్తు వెయ్యండి. లేకపోతే తక్కిన బాతులు వచ్చి అందులోనే గుడ్లు పెడతాయి. పిల్లీ ముంగిసా దూరకుండా కట్టుదిట్టం చెయ్యండి. మేతా నీళ్ళూ దగ్గర్లో ఉంచండి. మునగటానికి ఒక తొట్టి ఉంటే మరీ మంచిది. ఎనిమిదో రోజు రాత్రి దీపం ముందు గుడ్డు పట్టి చూడండి. ఎర్రని నరాలు కనబడనివి తీసెయ్యండి.

కోడిపెట్ట కింద వెయ్యదలిస్తే నాటుపెట్టకు ఏడెనిమిది గుడ్లు చాలు. బాతు గుడ్డు పెద్దది, పెట్ట తిప్పలేదు. అంచేత రోజుకు రెండుసార్లు మీరే తిప్పాలి. ఎయిల్స్‌బరీ ఇల్లాలిలా చివరి వారం గోరువెచ్చని నీళ్ళు చిలకరించండి. కోడికి ఇరవై ఒక్క రోజుల పనే అలవాటు. మనం ఇంకో వారం కూర్చోబెడుతున్నాం గదా! రోజూ లేపి కడుపునిండా మేత పెట్టండి. పేలు లేకుండా చూడండి. కోడి లేపిన బాతుపిల్లలు నీళ్ళు కనబడగానే దూకుతై. తల్లిబాతు ఈకల జిడ్డు వాటికి అంటదు గనుక తడిసి చలికి చస్తై. మూడు నాలుగు వారాల దాకా ముక్కు మునిగేటంత నీళ్ళ పళ్ళెం చాలు.

పిల్లలు అక్కర లేదు, గుడ్లే కావాలంటే కొడుకు మాట వినండి. నీళ్ళలో ముంచటం, ముక్కులో ఈక గుచ్చటం, పస్తు పెట్టటం, ఇవేవీ వద్దు. వెదురు బద్దలు సందు సందుగా కట్టిన అడుగుతో ఒక పంజరం చేసి, నేలకు జానెడు ఎత్తున నిలపండి. కింద గడ్డి వెయ్యకండి. పొట్టకు గాలి తగిలి వేడి తగ్గుతుంది. మంచి వెలుతురూ కొంచెం నీడా చూసి, మేతా నీళ్ళూ ఇచ్చి మూడు నాలుగు రోజులు ఉంచితే చాలావరకు గూటి ధ్యాస విడుస్తుంది. మొదటి రోజే కనిపెడితే పని సులువు. ఆలస్యమైన కొద్దీ కష్టం. అసలు రాకుండా ఉండాలంటే పొద్దున తొమ్మిదింటి దాకా బాతుల్ని గూట్లోనే ఉంచి, ఆ వెంటనే గుడ్లన్నీ ఏరెయ్యండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక్క మనవి. ఎవరింటికైనా వెళ్ళి సలహా చెప్పేముందు, బాతు ఏ జాతిది, ఇంటివారికి గుడ్లు కావాలా పిల్లలు కావాలా అని అడగండి. గుడ్ల కోసం బాతు తల్లితనాన్ని మనమే తగ్గించాం. ఎక్కడో ఒక బాతులో అది మళ్ళీ తలెత్తితే దాన్ని రోగంగా చూడవద్దు. నిలకడగా కూర్చుని పిల్లల్ని లేపిన బాతు పెరట్లో ఒకటుంటే కొనుగోలు పిల్లల ఖర్చు తప్పుతుంది. అటువంటిదాన్ని కోతకు ఇవ్వకుండా మందలో ఉంచుకోండి.