కోనప్పన అగ్రహారంలో కరెంటు పని

ఎలక్ట్రానిక్ సిటీ కథ చెప్పేవాళ్లు ఆర్.కె. బాళిగా గారితో మొదలుపెట్టి నేరుగా సాఫ్ట్‌వేర్ కంపెనీల మీదికి దూకేస్తారు. బాళిగా గారు కియోనిక్స్ మొదటి అధ్యక్షులు. 1978లో కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు గ్రామాల దగ్గర 332 ఎకరాల్లో ఇది వెలిసింది ఆయన చొరవతోనే. అంతవరకూ సరే. ఆ మొదటి షెడ్లకీ, తర్వాత లేచిన అద్దాల మేడలకీ వైర్లు లాగినవాళ్ల మాట మాత్రం ఎక్కడా కనబడదు. వాళ్లలో చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చిన మనవాళ్లూ ఉన్నారు. అందుకే ఈసారి ఆ పని గురించి, అది నేర్చుకునే దారి గురించి రాస్తున్నాం.

ఈ సీమకి కరెంటు కొత్త కాదు. 1902లో శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టిన కరెంటు ముందుగా చేరింది కోలారు బంగారు గనులకి. బెంగళూరు వీధి దీపాలకి అందింది 1905లో. అంటే రాజధాని కంటే మూడేళ్లు ముందే, తెలుగు బాగా వినిపించే కోలారు సీమకి కరెంటు వచ్చిందన్నమాట. మా పిల్లలకి ఈ సంగతి చెబితే నమ్మరు.

అప్పట్లో పని నేర్చుకోవడమంటే మేస్త్రీ వెనకాల నిచ్చెన మోయడమే. దేశమంతటా ఒకే పద్ధతి శిక్షణ 1950లో మొదలైంది, సుమారు 50 ఐటిఐలతో. 1956లో వాటి నిర్వహణ రాష్ట్రాల చేతికొచ్చింది. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. బెంగళూరులో ఒక తికమక ఉంది. ఇక్కడి పెద్దవాళ్లకి 'ఐటిఐ' అంటే దూరవాణినగర్‌లోని టెలిఫోన్ ఫ్యాక్టరీ, 1948 నాటిది. మా ఇంట్లోనే "వాడు ఐటిఐలో ఉన్నాడు" అంటే ఉద్యోగమా చదువా అని మళ్లీ అడగాల్సి వచ్చేది.

ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు. పది తప్పినవాళ్ల చదువని మన ఇళ్లలో చిన్నచూపు ఉంది గానీ, సీటు కావాలంటే లెక్కలు, సైన్సుతో పది పాసవ్వాలి. చేరిన కొత్తలో ఆకురాయితో ఇనుము రుద్దిస్తారు. విసుగొచ్చి కొందరు అక్కడే మానేస్తారు. తర్వాత వైరు జాయింట్లు, మెట్ల దగ్గర కిందా పైనా స్విచ్చులు పెట్టే వైరింగు, గోడౌన్ వైరింగు, ఎర్తింగు, మోటారు వైండింగు. మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూడటం కూడా నేర్పుతారు. జేబులోని టెస్టరు వెలగలేదని వైరు ముట్టుకోకూడదు. కరెంటు తప్పకుండా ఉన్నచోట ముందు పెట్టి, అసలు టెస్టరే బాగుందో లేదో చూసుకోవాలి. మేం ఆఫీసులో చేసేదీ టెస్టరు పనే, ఈ పాఠం మాకూ కావాల్సిందే! కాకపోతే మా పనిలో తప్పు పోతే ప్రాణం పోదు.

పుస్తకాలు చెన్నైలోని నిమి సంస్థ ప్రాంతీయ భాషల్లో వేస్తుంది. కన్నడ మీడియంలో చదివిన మాకు 'రోధ' అన్నది తెలుగులో 'నిరోధం' అని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇక్కడ పుట్టిన తెలుగు పిల్లాడికి ఐటిఐలో ఆ కన్నడ చదువే కలిసొస్తుంది.

రెండేళ్లయ్యాక చేతికొచ్చేది జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్. కావాలంటే ఇంకో ఏడాది అప్రెంటిస్ చేసి ఆ సర్టిఫికెట్టూ తెచ్చుకోవచ్చు. కానీ అసలు మెలిక పర్మిట్‌లో ఉంది. 1956 నాటి విద్యుత్ నియమాల్లో 45వది ఏమంటుందంటే, వైరింగు పని లైసెన్సున్న కాంట్రాక్టరే ఒప్పుకోవాలి, అర్హత పత్రమున్న సూపర్‌వైజరు దగ్గరుండి చూడాలి, పర్మిట్ ఉన్నవాడే చెయ్యి పెట్టాలి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు పాతది తీసి కొత్తది వేయడానికి మాత్రం మినహాయింపు. 2010లో కొత్త నియమాలొచ్చినా ఈ కట్టుబాటు నిలిచింది.

మాకు తెలిసిన ఒక పెద్దాయన పాతికేళ్లు దొడ్డతోగూరు చుట్టుపక్కల వైరింగు చేశాడు. పైపులో ఎన్ని వైర్లు పడతాయో చేత్తో తూచి చెప్పేవాడు. సర్టిఫికెట్ లేదు, పర్మిట్ లేదు. పని పూర్తయిన కాగితం మీద సంతకం ఎప్పుడూ వేరేవాళ్లదే, ఆయన కూలీ ఎప్పుడూ హెల్పరు కూలీయే. ఇది అన్యాయమని మేం అంటే ఆయన ఒప్పుకోలేదు. "ఎర్తు ఎందుకు వేస్తారో నాకు పదేళ్ల దాకా ఎవరూ చెప్పలేదప్పా, వేయమన్నారు, వేశాను" అన్నాడు. చేతిపని వచ్చింది, కారణం రాలేదు. కాగితం లేకపోవడం కంటే అదే ఆయనకి పెద్ద లోటుగా తోచింది. ఇప్పుడు ఆయన మనవడు ఐటిఐ రెండో ఏడాదిలో ఉన్నాడు. సాయంత్రాలు పుస్తకం తీసి కన్నడలో చదివి తాతకి తెలుగులో చెబుతుంటాడు. ఎర్త్ రెసిస్టెన్స్ పాఠం మాత్రం తాత రెండుసార్లు చెప్పించుకున్నాడట.