ఇద్దరు హనన్యాలు, ఒక కఠినమైన అధ్యాయము

యెహెజ్కేలు గ్రంథము 37వ అధ్యాయముపై, అనగా ఎండిన ఎముకల లోయపై, ప్రసంగించని కాపరి మనలో బహుశా ఉండడు. 1వ అధ్యాయముపై ప్రసంగించినవారు ఎందరు? నా పరిచర్యలో మొదటి పదిహేనేండ్లు నేను దానిని ముట్టుకోలేదు. నాలుగేసి ముఖముల జీవులు, చక్రములో చక్రము, కన్నులతో నిండిన అంచులు. వీటినుండి సంఘమునకు ఏమి చెప్పాలో తోచలేదు. అయితే ఈ దర్శనము కలిగిన కాలమును పరిశీలించిన కొద్దీ, 37లోని నిరీక్షణకు వేరు 1లోనే ఉన్నదని నాకు అర్థమైంది.

క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేమును లోబరచుకొని రాజైన యెహోయాకీనును, అధిపతులను, పనివారిని బబులోనుకు కొనిపోయాడు. దేవాలయము మాత్రము ఇంకా నిలిచే ఉంది. అందుచేత త్వరలో తిరిగి వెళ్తామనే ఆశ చెరలోనివారిని వదలలేదు. క్రీ.పూ. 594 ప్రాంతమున హనన్యా అను ప్రవక్త దేవాలయములో అందరి యెదుట నిలిచి, రెండేండ్లలోగా రాజు, దేవాలయపు ఉపకరణములు, చెరపట్టబడినవారందరు తిరిగి వస్తారని ప్రకటించాడు (యిర్మీయా 28). ఎంత తేలికైన ప్రవచనము! వ్యాఖ్యానము అక్కరలేదు, గడువుతో సహా ఉంది. గడువు గడిచింది, ఎవరూ రాలేదు. బబులోను త్రవ్వకాలలో దొరికి, 1939లో ఎర్నెస్ట్ వైడ్నర్ ప్రచురించిన మట్టిపలకలలో యెహోయాకీనుకును అతని ఐదుగురు కుమారులకును కొలిచి ఇచ్చిన నూనె లెక్క కనిపిస్తుంది. వాటి కాలము సుమారు క్రీ.పూ. 592. హనన్యా చెప్పిన గడువునాటికి రాజు శత్రువు కొలిచిపోసిన నూనె మీదనే బ్రతుకుతున్నాడు.

కొన్నేండ్ల క్రితం మా సంఘములో మంచము పట్టిన ఒక బిడ్డ క్రిస్మసునాటికి లేచి నడుస్తాడని ఒక అతిథి ప్రసంగీకుడు చెప్పి వెళ్ళాడు. క్రిస్మసు వచ్చింది, వెళ్ళింది. ఆ తల్లి మరల ఆరాధనకు రావడానికి రెండేండ్లు పట్టింది. నేను ఈ అధ్యాయమును మరల తెరిచింది ఆ దినములలోనే.

క్రీ.పూ. 593. యాజకుడైన యెహెజ్కేలు కెబారు నదీతీరమున ఉన్నాడు. నది అని మన బైబిలులో ఉన్నా అది నిప్పూరు ప్రాంతపు కాలువ. బబులోను పత్రములలో దాని పేరు ఉంది. చెరలోనివారు కాపురమున్న తేలాబీబు అను పేరుకు మూలము అక్కాదు భాషలో 'జలప్రళయపు దిబ్బ' అని పండితులు చెప్తారు. పాడుబడిన దిబ్బమీద కాపురములు! 1వ వచనములోని ముప్పదియవ సంవత్సరము ప్రవక్త వయస్సే అయితే, ఆలయసేవలో ప్రవేశించవలసిన ఈడులో అతడు కాలువగట్టున ఉన్నాడు. అక్కడికి సింహాసనము వచ్చింది. చక్రములు ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. దేవుని మహిమ సీయోనుకు మేకులతో బిగించబడినది కాదు. ఇది భయపెట్టే మాట కూడ, ఎందుకంటే ఆ చక్రములే 10, 11 అధ్యాయములలో దేవాలయమును విడిచిపోతాయి. కాని విడిచిపోక మునుపే అవి దిబ్బమీది ప్రజల యొద్దకు వచ్చాయి. సింహాసనము చుట్టు ఉన్న కాంతి నోవహు నాటి ధనుస్సును పోలి ఉంది.

హెబ్రీ మూలము చదివే విద్యార్థులు ఒక సంగతి గమనించాలి. జీవులను గూర్చిన సర్వనామములు పుంలింగమునుండి స్త్రీలింగమునకు దొర్లిపోతుంటాయి. 'పోలిక' అని అర్థమిచ్చే 'దెమూత్' అను పదము ఈ ఒక్క అధ్యాయములో దాదాపు పదిసార్లు వస్తుంది. కొందరు దీనిని లేఖకుల పొరపాటు అన్నారు. నాకు మాత్రము అది చూచినదానిని చెప్పలేక తడబడే మనిషి నోరుగా వినిపిస్తుంది.

రెండవ హనన్యా క్రీ.శ. మొదటి శతాబ్దమువాడు, హిజ్కియా కుమారుడు. యెహెజ్కేలు గ్రంథము ధర్మశాస్త్రమునకు విరుద్ధముగా ఉన్నదని పండితులు దానిని మరుగుచేయబోయారట. అతడు మేడగదిలో కూర్చుండి, మూడువందల కుండల నూనె వెలిగించి, విరోధములన్నిటికి సమాధానము దొరికేవరకు దిగి రాలేదని తల్మూదు చెప్తుంది. 1వ అధ్యాయములోని 'హష్మల్' (మన బైబిలులో అపరంజి) అను మాట మర్మమును గ్రహించిన ఒక బాలుడు అగ్నిచేత దహించబడ్డాడని కూడ తల్మూదులో ఒక కథ ఉంది. కథను అక్షరాల నమ్మనక్కరలేదు. ఆ భయము మాత్రము నిజము. మొదటి హనన్యాకు అటువంటి భయము ఏమాత్రము లేదు.

ఆ నూనె వ్యర్థము కాలేదు. క్రీ.శ. 73 లేక 74లో రోమీయుల చేత చిక్కిన మసాదా కోటలో, 1963-65 త్రవ్వకాలలో, సమాజమందిరపు నేలక్రింద పాతిపెట్టిన యెహెజ్కేలు చుట్ట దొరికింది. మిగిలినది 35 నుండి 38 అధ్యాయముల భాగమే, అందులో ఎముకల లోయ ఉంది. 1వ అధ్యాయమునకు మరొక చరిత్ర ఉంది. మిష్నా దానిని సమాజమందిరములో ప్రవక్తల పఠనముగా చదువరాదన్నది, రబ్బీ యూదా ఒక్కడు చదువవచ్చునన్నాడు. చివరకు ఆయన మాటే నిలిచింది. వారముల పండుగ, అనగా మన పెంతెకొస్తు, మొదటి దినమున సమాజమందిరములలో ప్రవక్తలనుండి నేడు చదివే భాగము ఈ అధ్యాయమే.